మన శనివారం టేబుల్‌కి, డిఎం కుర్చీలోంచి ఒక బహిరంగ లేఖ

మన శనివారం గ్యాంగ్‌కి, అలాగే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ ఎవరో ఒక డిఎం (ఆట నడిపేవాడు) ఎదురుగా డైస్ పట్టుకుని కూర్చునే తెలుగు ప్లేయర్లందరికీ,

ఈ ఆట నడపాలంటే నాకు మనసు రావట్లేదన్న ఈ మాట మన వాట్సాప్ గ్రూప్‌లో పెడదామనే మొదలుపెట్టా. మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు తీసేశా, ఎందుకంటే అక్కడ పెడితే ఎవరో ఒకరు "అయ్యో అన్నా రెస్ట్ తీసుకో" అని ఒక హార్ట్ పెడతారు, మిగతావాళ్ళు కూడా హార్ట్ పెడతారు, దాంతో విషయం అయిపోతుంది. ఆ మాట ప్రేమతోనే అంటారని నాకు బాగా తెలుసు. కానీ నేను రెస్ట్ తీసుకుని చూశా, మూడు వారాలు, ఏం మారలేదు, నాలుగో శనివారం పొద్దున లేవగానే గుండెల్లో అదే బరువు. వేరే టేబుళ్ళలో డిఎం చేసే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో మాట్లాడితే వాళ్ళదీ అచ్చం ఇదే కథ. అందుకే అందరూ చదివేలా రాస్తున్నా.

ఈ ఆట తెలియనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే రెండు ముక్కల్లో చెప్తా. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర, "నేను ఆ గోడ ఎక్కుతా" అని ఒకరంటే ఇరవై ముఖాల డైస్ వేసి ఎక్కాడా పడ్డాడా తేలుస్తారు. ఆ గోడ ఎంత ఎత్తు, గోడ అవతల ఎవరున్నారు, వాళ్ళకి వీడంటే ఎందుకు కోపం, ఆ ఊరి రాజుకి అప్పులెన్ని, పక్క సందులో సత్రం నడిపే ముసలాయన పేరేంటి, ఇవన్నీ అప్పటికప్పుడు చెప్పాల్సినవాడు డంజియన్ మాస్టర్, అంటే డిఎం. ఇప్పుడు అందరూ ఆడుతున్న ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2024లో దాన్నే మళ్ళీ సవరించి కొత్త పుస్తకాలు వేశారు. ఎన్ని ఎడిషన్లు మారినా ఆ కుర్చీలో కూర్చునేవాడి పని మాత్రం పెద్దగా తగ్గలేదు.

మనది 2020 లాక్‌డౌన్‌లో డిస్కార్డ్‌లో మొదలైంది, గుర్తుందిగా. అప్పట్లో ఎవరికీ వెళ్ళడానికి ఇంకో చోటు లేదు, కాబట్టి ఎవరూ మానేసేవాళ్ళు కాదు. 2022లో కూకట్‌పల్లిలో మా ఇంటికి మారాం. మినియేచర్లు, అంటే పాత్రల చిన్న బొమ్మలు, కొనే డబ్బుల్లేక క్యారమ్ కాయిన్స్ పెట్టుకున్నాం, నల్లవి గాబ్లిన్లు, తెల్లవి కోట సైనికులు, రెడ్ కాయిన్ బయటికి తీశానంటే అందరూ కుర్చీలు ముందుకి జరుపుకునేవాళ్ళు. శుక్రవారం రాత్రి అన్నం తినగానే చార్ట్ పేపర్ నేల మీద పరిచి, స్కేలు పెట్టి అంగుళం అంగుళం గళ్ళు గీసేవాణ్ణి. పెన్సిల్‌తో ఒకసారి, స్కెచ్ పెన్‌తో ఇంకోసారి. మోకాళ్ళు నొప్పి పుట్టేవి, అయినా ఆ రెండు గంటలు వారం మొత్తంలో నాకు ఇష్టమైన టైం. ఆఫీసులో ఎవడు ఏమన్నా ఆ గళ్ళ ముందు కూర్చుంటే పోయేది.

మొత్తం 61 సెషన్లు అయ్యాయి. ఆ ఇష్టం ఎప్పుడు పోయిందా అని వెనక్కెళ్ళి వెతికితే ఫలానా రోజు అని చెప్పలేను గానీ, బయటపడిన రోజు మాత్రం బాగా గుర్తుంది. శనివారం సాయంత్రం ఐదూ నలభై, ఆట ఆరింటికి, మ్యాప్ పరిచి ఉంది, కుర్చీలు వేసి ఉన్నాయి, బిర్యానీ ఆర్డర్ పెట్టేశా. ఫైటర్ తమ్ముడు (మా వాళ్ళని ఆటలో వాళ్ళ పాత్ర రకంతోనే పిలుస్తా) మెసేజ్ పెట్టాడు, "అన్నా సారీ, కజిన్ వచ్చాడు, ఈసారికి కుదరదు." ఇంకో రెండు నిమిషాలకి విజార్డ్ బావ, "అయితే నేను కూడా నెక్స్ట్ వీక్ వస్తా." ఇద్దరు లేకపోతే ఆట లేదు. కోపం రావాలి కదా నాకు, అన్ని గంటలు పనిచేశాక. రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది, సోఫాలో పడుకుని కళ్ళు మూసుకున్నా, హమ్మయ్య అని పైకే అన్నా. ఆ మాట విన్నాక నాకే భయమేసింది. ఎవరూ రాకూడదని దేవుడికి దండం పెట్టుకునే స్టేజికి వచ్చానన్నమాట, అదీ నేను ప్రాణం పెట్టి కట్టుకున్న ఆట గురించి.

అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఇది క్లెరిక్ అక్కకి సంబంధించింది, అక్కా, నీకు గుర్తుందో లేదో తెలీదు, నేనైతే మర్చిపోలేదు.

పన్నెండో సెషన్‌లో నీ పాత్ర వాళ్ళమ్మ ఊరు తగలబడినప్పుడు చనిపోయింది. ఏళ్ళ తర్వాత మన పాత్రల గుంపు మళ్ళీ ఆ ఊరికి వచ్చింది. నువ్వు బ్యాగ్‌లోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ కాగితం తీశావు, నాలుగు మడతలు పెట్టి ఉంది, రెండు వైపులా తెలుగులో రాసుకొచ్చావు, అమ్మ సమాధి దగ్గర నీ పాత్ర చదివే ఉత్తరం. మొదటి రెండు లైన్లు చదివావు. నేను ఫోన్‌లో టైం చూశా, తొమ్మిదీ ఇరవై, ఇంకా ఒక ఫైట్ మిగిలి ఉంది, అది అయ్యేసరికి పదిన్నర, వాళ్ళంతా వెళ్ళాక గిన్నెలు కడగాలి, ఇదంతా బుర్రలో తిరుగుతుంటే నా నోట్లోంచి వచ్చిన మాట, "సరే సరే, రెలిజియన్ చెక్ వెయ్," అంటే పాత్రకి మతం గురించి ఎంత తెలుసో తేల్చే డైస్. నువ్వు కాగితం మళ్ళీ మడతపెట్టావు. డైస్ వేశావు. పదిహేడు వచ్చింది. ఆ పదిహేడుకి ఏమైందో కూడా నేను చెప్పలేదు, డైరెక్టుగా ఫైట్‌లోకి వెళ్ళిపోయా. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ వెళ్ళాక టేబుల్ కింద పడ్డ డైస్ ఏరుతుంటే అప్పుడు తట్టింది నేను ఏం చేశానో. అలాంటి ఉత్తరం కోసమే కదా ఏ డిఎం అయినా ఏళ్ళ తరబడి కూర్చునేది, తీరా అది వచ్చినప్పుడు నాకు అడ్డంగా అనిపించింది.

దీనికి పేరు ఉంది, బర్న్‌అవుట్. అలసట వేరు, ఇది వేరు. క్రిస్టినా మాస్లాక్ అనే సైకాలజిస్ట్ 1981లో దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసింది, అందులో మూడు సంగతులు చూస్తారు: లోపల ఏమీ మిగలనంత నీరసం, ఎదుటి మనుషుల మీద మనసు మొద్దుబారిపోవడం, నేను చేసేదానికి అర్థం లేదు అనిపించడం. మొదటిది నిద్రపోతే కొంచెం తగ్గుతుందేమో. రెండోది వచ్చిందంటే ఆ కాగితం మడతపెట్టిస్తుంది.

ఇంకో విషయం చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయా. బర్న్‌అవుట్ అనే మాటని ఈ అర్థంలో సైకాలజీలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్, అదీ 1974లోనే, మన ఆట పుట్టిన ఏడాదే. ఆయన ఎవరిని చూసి రాశాడో తెలుసా, జీతం తీసుకునే ఉద్యోగుల్ని కాదు. న్యూయార్క్‌లో డ్రగ్స్ బారిన పడ్డ కుర్రాళ్ళ కోసం నడిచే ఒక ఫ్రీ క్లినిక్, అక్కడ వాలంటీర్లుగా పనిచేసేవాళ్ళని చూసి రాశాడు. పగలు సొంత ప్రాక్టీస్ చూసుకుని సాయంత్రం వెళ్ళి అర్ధరాత్రి దాకా అక్కడ ఉండేవాడు ఆయన, తనకీ అదే వచ్చింది. అంటే ఈ రోగాన్ని మొదట చూసిందే ఇష్టంతో, డబ్బు తీసుకోకుండా, పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ఇంకో పని భుజాన వేసుకున్న మనుషుల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ రోగాల జాబితా ఐసీడీ-11 మాత్రం ఇది ఉద్యోగానికి సంబంధించిన మాట, జీవితంలో మిగతా వాటికి వాడొద్దు అంటుంది. వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. కానీ "హాబీయే కదా, ఇష్టం లేకపోతే మానెయ్" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ క్లినిక్ గుర్తొస్తుంది. ఇష్టం ఉంది కాబట్టే మానలేకపోయారు వాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. నన్ను కాల్చేసింది కథ చెప్పడం కాదు, దాని చుట్టూ ఉన్న పని. బుధవారం పోల్ పెట్టడం, గురువారం ఇద్దరు మాత్రమే ఓటేస్తే మిగతావాళ్ళని విడివిడిగా అడగడం, శుక్రవారం గుర్తు చేయడం, శనివారం పార్కింగ్ కోసం వాచ్‌మన్‌ని బతిమాలడం, ఫుడ్ ఆర్డర్, ఆ డబ్బులు ఎవరు వేశారో ఎవరు వేయలేదో, పోయినసారి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం, క్యారెక్టర్ షీట్ ఇంట్లో మర్చిపోయినవాళ్ళకి ఇంకోటి, మూడేళ్ళుగా ఆడుతున్న మనిషికి స్నీక్ అటాక్ (దొంగచాటు దెబ్బ) ఎలా పనిచేస్తుందో నలభయ్యోసారి చెప్పడం. నాలుగు గంటల ఆటకి నాలుగైదు గంటలు ప్రిపరేషన్ ఎలాగూ ఉంటుంది, అది నేను సంతోషంగా చేస్తా, ఇవన్నీ దాని మీద ఎక్కి కూర్చున్నాయి. ఇవన్నీ డిఎం ఒక్కడే చేయక్కర్లేదు, అలవాటుగా వాడి మీద పడిపోతాయి, వాడు కూడా అడగకుండా మోస్తాడు. ఆ అడగకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నా.

మా తాతది గుంటూరు జిల్లా, బుర్రకథ అంటే పిచ్చి. పొన్నెకల్లు షేక్ నాజర్ గారి కథ పక్క ఊళ్ళో ఉందంటే సైకిల్ మీద వెళ్ళి తెల్లవార్లూ విని వచ్చేవాడట. నా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో ఒక దళం బొబ్బిలి యుద్ధం చెప్తుంటే తాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించాడు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకి అందెలు. రెండు పక్కలా ఇద్దరు వంతలు, చేతుల్లో గుమ్మెటలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. నేనేమో మధ్యలో ఉన్నాయన్నే చూస్తున్నా. తాత నా గడ్డం పట్టుకుని పక్కకి తిప్పి, "వంతల్ని చూడరా, వాళ్ళు తందాన అన్నప్పుడే ఆయన ఊపిరి పీల్చుకునేది" అన్నాడు. నిజంగానే కథకుడు ఒక చరణం ఎత్తుతాడు, వంతలు తందాన తానా అని అందుకుంటారు, ఆ లోపు ఆయన చెమట తుడుచుకుంటాడు. కథ చిక్కబడితే ఒక వంత "ఏమిటేమిటీ, మళ్ళీ చెప్పూ" అని అడుగుతాడు, జనం మనసులో ఉన్న ప్రశ్న అదే. ఇంకో వంత కరెంటు కోత గురించో రేషన్ బియ్యం గురించో ఒక మాట విసురుతాడు. రాత్రంతా కథ నడిచేది అందుకే, మధ్యలో ఉన్నాయన గొంతు ఒక్కటే అయితే రెండు గంటలకి పోయేది.

మన టేబుల్‌కి ఐదుగురు వంతలు ఉండాలి. నేను అడుగుతున్నది అదొక్కటే.

విజార్డ్ బావా, రూల్స్ నీకు అప్పగిస్తున్నా. పుస్తకం వేలల్లో ఉంది ఎలా కొంటాం అనే మాట ఇప్పుడు చెల్లదు, 2023 జనవరిలో లైసెన్స్ గొడవ అయ్యాక ఈ ఆట పుస్తకాలు వేసే కంపెనీ ఐదో ఎడిషన్ ముఖ్యమైన రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద ఫ్రీగా వదిలేసింది, ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు. అందరూ మొత్తం చదవక్కర్లేదు, ఎవరి క్లాస్ (పాత్ర రకం) పేజీలు వాళ్ళు చదివితే చాలు. ఫైట్ మధ్యలో డౌట్ వస్తే నువ్వు వెతుకు, రెండు నిమిషాల్లో దొరక్కపోతే నేను ఏదో ఒకటి చెప్తా, ఆట ఆగదు. రోగ్ తమ్ముడూ, ఇనిషియేటివ్ లిస్ట్ నీ దగ్గర ఉండాలి, ఎవరి వంతో నువ్వే పిలువు. బార్డ్ చెల్లీ, నువ్వు ఎలాగూ ఏదో రాసుకుంటూ ఉంటావు, పోయినసారి కథ నువ్వు చెప్పు, నీ బార్డ్ సత్రంలో కూర్చుని చెప్పినట్టు చెప్తే ఇంకా బాగుంటుంది, నువ్వు ఏం గుర్తుపెట్టుకున్నావో వింటే నాకు కూడా తర్వాత ఏం చెప్పాలో తెలుస్తుంది.

ఫైటర్ తమ్ముడూ, డేట్ ఫిక్స్ చేసే పని నీది. నువ్వు ఎక్కువ మానేస్తావని పగబట్టి ఇస్తున్నా అనుకోకు, డేట్ నీ చేతిలో ఉంటే నీకు కుదిరే రోజే పడుతుంది కదా. బెన్ రాబిన్స్ అనే గేమ్ డిజైనర్ ఒకప్పుడు తన టేబుల్‌ని పూర్తిగా తిప్పేశాడు, వెస్ట్ మార్చెస్ అని పేరు. వారం వారం ఫలానా రోజు అని లేదు. ఎవరెవరు వస్తారు, ఏ రోజు, ఎటువైపు వెళ్తారు, మొత్తం ప్లేయర్లే మాట్లాడుకుని డిఎం దగ్గరికి వచ్చేవాళ్ళు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు గానీ, "ఈ వారం ఉందా అన్నా" అనే ప్రశ్న నాకు రాకుండా చేస్తే చాలు, దానికే సగం ప్రాణం లేచొస్తుంది.

ఇవన్నీ పైపైన పనులు. వీటికంటే పెద్దది ఇంకోటి ఉంది, మీలో మీరు మాట్లాడుకోండి. ఒకసారి వానలో అడవిలో క్యాంప్ వేసినప్పుడు రోగ్, ఫైటర్ ఇద్దరూ గుర్రం ఎవరు పోగొట్టారని పాత్రల్లో ఉండి గొడవపడ్డారు, మధ్యలో అక్క తీర్పు చెప్పబోయి తనూ ఇరుక్కుంది, బార్డ్ దాని మీద అప్పటికప్పుడు ఒక పాట కట్టింది. ఇరవై నిమిషాలు నేను ఒక్క మాట మాట్లాడలేదు. వేడి వేడి మిర్చి బజ్జీ చేతిలో పట్టుకుని చూస్తూ తిన్నా, 61 సెషన్లలో నేను వేడి బజ్జీ తిన్నది అదొక్కసారే. ఆ రాత్రి అందరూ వెళ్ళాక కూడా నాకు అలసట లేదు, పన్నెండింటికి కూర్చుని తర్వాత సెషన్‌కి నోట్స్ రాశా. డిఎం వైపే చూస్తూ ఇప్పుడేమవుతుంది, ఇప్పుడేమవుతుంది అని కూర్చుంటే వాడు హరిదాసు అవుతాడు, ఒక్కడే చిడతలు కొట్టాలి, ఒక్కడే పాడాలి, ఒక్కడే ఆడాలి. ఒక సత్రం ముసలాయన పేరు మూడు నెలల తర్వాత మీలో ఒకరు గుర్తుపెట్టుకుని "వీరన్న ఎలా ఉన్నాడు" అని అడిగారు చూడండి, నాకు అది ఎంత బలమో మాటల్లో చెప్పలేను. తందాన అంటే అదే.

నా వైపు నుంచి కూడా కొన్ని మార్చుకుంటా. రెండు వారాలకి ఒకసారి ఆడదాం, వారం వారం నా వల్ల కాదు. తొమ్మిదిన్నరకి ఆపేద్దాం, ఫైట్ మధ్యలో ఉన్నా సరే. వచ్చే సెషన్‌కి కావాల్సింది మాత్రమే రాసుకుంటా, ఎవరూ వెళ్ళని రాజ్యాలకి వంశవృక్షాలు గీయడం మానేశా, అది ఎవరూ అడగలేదు, నేనే నా మీద వేసుకున్నా. ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద షోలు చూసి గొంతులు మార్చి మాట్లాడాలని గంటలు గంటలు ప్రాక్టీస్ చేశా, అదీ ఆపేశా. ఈ ఆటని ఆడి చూపించే క్రిటికల్ రోల్ షోలో డిఎం మ్యాట్ మెర్సర్‌ని చూసే కదా మనలో సగం మంది ఇటు వచ్చింది. 2015 నుంచి మూడు క్యాంపెయిన్లు (ఏళ్ళ తరబడి సాగే పెద్ద కథలు) నడిపాక, 2025లో నాలుగో దానికి ఆయన కూడా డిఎం కుర్చీని బ్రెన్నన్ లీ మల్లిగన్‌కి ఇచ్చి తను ప్లేయర్‌గా కూర్చున్నాడు. అదే పనిగా బతికే మనిషి, వెనకాల ఒక కంపెనీ ఉన్న మనిషి కుర్చీ మారినప్పుడు, ఆఫీసు చేసుకుని శనివారం ఆడించే మనం మారితే తప్పేముంది.

కాబట్టి కుర్చీ తిరగాలి. మీలో ఎవరైనా ఒక వన్ షాట్ నడపండి, ఒక్క రాత్రిలో అయిపోయే కథ, ఎలా ఉన్నా పర్లేదు, నేను మొదటిసారి నడిపినప్పుడు మీరు ఓపిగ్గా కూర్చోలేదా. జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ మొత్తం ఒకే పేజీ, డైస్ ఉంటే చాలు, చదవడానికి పది నిమిషాలు. అదీ భయమైతే డిఎం అక్కర్లేని ఆటలే ఉన్నాయి, ద క్వైట్ ఇయర్ అయితే ఒక పేక కట్ట, ఒక తెల్ల కాగితం పెట్టుకుని అందరం కలిసి ఒక ఊరి మ్యాప్ గీస్తాం, ఒక్కో ముక్క తీస్తే ఆ ఊరికి ఒక్కో వారం గడుస్తుంది. ఎవరూ ఎవరికీ ఆడించరు. గళ్ళు గీసే పని నాకిస్తే చేస్తా, అది ఇప్పటికీ ఇష్టమే.

మన పెద్ద కథ గురించి కూడా చెప్పాలి. తొమ్మిదో లెవెల్ దగ్గర ఆగింది, కోట తలుపు ముందు నిలబడి ఉన్నారు మీరంతా. కథ కంచికి చేరకుండా వదిలేస్తున్నాడని అనుకోవద్దు, లోపల ఏముందో నాకు తెలుసు, చెప్పాలనే ఉంది. కానీ చిరాకుతో చెప్తే పాడవుతుంది, అందుకే సంక్రాంతి దాకా ముట్టుకోను. అప్పటికి కూడా మనసు రాకపోతే మీకు ముఖం మీదే చెప్తా, తప్పించుకుని తిరగను. మిగతా టేబుళ్ళ డిఎంలకి కూడా నేను చెప్పేది ఇదే, మెల్లమెల్లగా మెసేజ్‌లు తగ్గించి మాయమైపోకండి, మీ వాళ్ళకి చెప్పండి, వాళ్ళు మీ స్నేహితులే. మీ టేబుల్‌లో డిఎం ఈమధ్య పొడిపొడిగా మాట్లాడుతున్నాడు, ఆట క్యాన్సిల్ అయితే బాధపడట్లేదు అనిపిస్తే, ప్లేయర్లూ, వాడికి ఫోన్ చేసి వచ్చే శనివారం ఏ పని నాకిస్తావు అని అడగండి. ఎలా ఉన్నావు అని అడిగితే బానే ఉన్నా అంటాడు.

దసరా అయ్యాక వచ్చే రెండో శనివారం, ఆరింటికి, మా ఇంట్లోనే. బార్డ్ చెల్లి నడుపుతా అంది, ఏం కథో నాకు చెప్పలేదు, చెప్పొద్దన్నా. ఐదేళ్ళ తర్వాత మొదటిసారి నా కోసం ఒక క్యారెక్టర్ షీట్ రాసుకున్నా, పడవ నడిపేవాడు, ఇంకా పేరు పెట్టలేదు.

క్లెరిక్ అక్కా, ఆ కాగితం ఇంకా నీ దగ్గర ఉంటే తీసుకురా. ఆట మొదలయ్యే ముందు మళ్ళీ మొదటి లైన్ నుంచి చదువు. ఫోన్ లోపల గదిలో పెట్టి వస్తా.

మీ డిఎం